ఎవర్నడిగినా చెప్తారు

"వాడికే మానాలని లేదు సిస్టర్, మనమేం చేస్తాం?"

తాగుడు గురించి మా ఉద్యోగంలో అందరి నోటా వినే కథ ఇదొక్కటే. డాక్టర్లు చెప్తారు, వార్డుబాయ్‌లు చెప్తారు, పాస్టర్లు చెప్తారు, అత్తగార్లు చెప్తారు. చెప్పేసి చేతులు దులుపుకుని భోజనానికి వెళ్తారు. ఇరవై ఆరేళ్ళు నర్సు పని చేసిన దాన్ని నేను చెప్తున్నా, ఆ మాట అబద్ధం. అందరి విషయంలో కాకపోయినా చాలామంది విషయంలో అబద్ధం. మానాలని ఉన్నవాడు ఎక్కడికి వెళ్ళాలో మనం చెప్పం. చెప్పినా, వెళ్ళగలిగేలా చెప్పం. ఆ తర్వాత వాడికే లేదంటాం.

నాకెలా తెలుసంటే, ఆ మాట నేనూ అన్నా కాబట్టి. మంచం మీద ఉన్న మనిషి మొహాన, పెళ్ళాం ముందు అన్నా. అది రాయకుండా మిగతాది రాస్తే నేనూ ఆ అత్తగార్లలో ఒకదాన్ని అవుతా.

నేనెవర్నంటే

మాది చందర్లపాడు. నాన్న బడిపంతులు. బీఎస్సీ నర్సింగు చదివి ఒక ట్రస్టు వాళ్ళ ఆసుపత్రిలో చేరా. జగ్గయ్యపేటలో ఒక బ్రాంచి, నందిగామలో ఒక బ్రాంచి ఉండేవి. పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. రెండుచోట్లా కలిపి సర్వీసంతా అందులోనే గడిచింది. నడుం నొప్పితో యాభై దాటగానే మానేశా. ప్రమోషన్ల సంగతి అడక్కండి. నోరున్న నర్సుకి ప్రమోషన్ ఎందుకొస్తుంది?

కొత్తగా చేరే అమ్మాయిలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. "మేడం, ఇంజెక్షన్లూ సెలైన్లూ నేర్పారు, తాగుబోతులతో ఎలా మాట్లాడాలో నేర్పలేదు" అంటారు. వాళ్ళ కోసం రాస్తున్నా. ముందు ఆ 'తాగుబోతు' అనే మాట గేటు బయట వదిలి రండి.

మద్యనిషేధం ఉన్న రోజుల్లో మా వార్డులో తాగుడు కేసు ఒక్కటీ లేదు. అంటే మంచాలు ఖాళీ అని కాదు. కేసుషీటు మీద కడుపునొప్పి అని రాసేవాళ్ళు, అంతే. సారా మీద కొట్లాడిన ఆడవాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళకున్న దమ్ము మా డాక్టర్లలో ఒక్కడికీ లేదు. కానీ కొట్టు మూసిన రోజు చేతులు వణికేవాడిని ఎక్కడికి పంపాలో ఎవరూ ఆలోచించలేదు. నిషేధం ఎత్తేశాక కూడా ఆలోచించలేదు.

మాల వేసుకున్న మర్నాడు

జగ్గయ్యపేటలో నేను అద్దెకున్న ఇంటికి ఎదురిల్లు వెంకటరత్నం గారిది. హోల్‌సేల్ వ్యాపారం. పప్పులు, బెల్లం, నూనె. గరికపాడు ధాబాల దగ్గర్నుంచి నందిగామ సందుల్లో చిల్లర కొట్ల దాకా ఆయన సరుకే. నలభై ఏళ్ళుంటాయి. మర్యాదస్తుడు. పొద్దున కొట్టు తాళం తియ్యాలంటే చెయ్యి వణికేది, ఆ వణుకు ఆగడానికి తాగేవాడు, అక్కడ మొదలైతే రాత్రి దాకా. భార్య అన్నపూర్ణ బీపీ చూపించుకునే వంకతో నా దగ్గరికొచ్చి ఏడ్చి వెళ్ళేది.

నిషేధం ఎత్తేసిన మరుసటేడు కార్తీకంలో ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. ముందురోజు దాకా పట్టించి, మెళ్ళో మాల పడ్డ నిమిషం నుంచి చుక్క ముట్టలేదు. అన్నపూర్ణ అరటిపళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "సిస్టరుగారూ, స్వామి దయ! ఒక్క దెబ్బకి మానేశారండీ!"

"చాలా మంచిదండీ" అన్నా. అది నా మొదటి తప్పు. రోజూ అంత తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో చదువుకున్నదాన్ని. పుస్తకంలో ఉన్నది ఎదురింట్లో కనపడితే గుర్తురాలేదు.

మర్నాడు సాయంత్రం వాళ్ళింట్లో భజన. నన్నూ పిలిచారు. నల్లబట్టల్లో పాతికమంది స్వాములు కూర్చున్నారు. రత్నంగారు ముందు వరసలో ఉన్నాడు. ఆ చలిలో చెమటలు కారుతున్నాయి. పంచె మీద లేని పురుగుల్ని వేళ్ళతో ఏరుతున్నాడు. కాసేపటికి దూలం వైపు చూసి, "వస్తున్నా... ఇదుగో వస్తున్నా" అని ఎవరికో జవాబు చెప్పడం మొదలెట్టాడు. ఒళ్ళంతా ఊగుతోంది.

"స్వామి పలుకుతున్నాడు!" అన్నారెవరో. శరణుఘోష పెరిగింది. కొబ్బరికాయ కొట్టారు, హారతి వెలిగించారు. ఆడవాళ్ళు ఆయన కాళ్ళ మీద పడుతున్నారు. అన్నపూర్ణ మొహం చూడాలి మీరు, ఆ వెలుగు.

నాకు తెలుసు. అది స్వామి కాదు, మందు ఆగిపోయిన ఒంటి తిప్పలు. తెలిసీ గుమ్మం దగ్గర నోరు మూసుకుని నిలబడ్డా. ఎందుకంటే ఆ హాల్లో బొట్టు లేనిది నేనొక్కదాన్నే. ఇది జబ్బు అంటే, చర్చికి పోయేది మా దేవుణ్ణి జబ్బంటోంది అంటారని భయం. ఊరందరితో పోట్లాడే నోరు, పావుగంట సేపు ఎండిపోయింది.

ఉన్నట్టుండి ఆయన పళ్ళు బిగుసుకున్నాయి. కొయ్యలా అయిపోయి వెనక్కి పడ్డాడు. గడప తగిలి తల పగిలింది. ఫిట్స్. ఎవరో తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెడుతున్నారు. అప్పుడు లేచింది నా గొంతు. "తాళాలవతల పారేయండి! పక్కకి తిప్పండి! నోట్లో నీళ్ళు పొయ్యకండి!"

ఆయన్ని ఎత్తి ఆటోలో వేసి, తల ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చింది వాళ్ళ గురుస్వామే. ముసలాయన. కుట్లు వేస్తుంటే బయట నన్నడిగాడు.

"అమ్మా, నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసండి."

"మరి చెప్పవేం? చెప్తే మేం కొట్టేవాళ్ళమా? స్వామి మనిషిని గడప మీద పడేస్తాడని అనుకున్నావా, లేక మేం అంత మూర్ఖులం అనుకున్నావా?"

గుమ్మంలో నిలబడ్డప్పుడు వాళ్ళ నమ్మకాన్ని గౌరవిస్తున్నా అనుకున్నా. నిజానికి వాళ్ళని తక్కువగా లెక్కేసుకున్నా.

అమ్మాయిలూ, ఇది రాసిపెట్టుకోండి. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి నాలుగైదు రోజులు ప్రాణం మీదికొస్తుంది. ఆ రోజులు ఇంట్లో కాదు, వార్డులో గడవాలి. మందులుండాలి, పక్కన మనిషుండాలి. ఇది చెప్పడానికి ఎవరి దేవుడూ అడ్డం రాడు.

మీటింగు ఎక్కడ?

రత్నంగారు బతికి, దీక్ష పూర్తి చేసి, కొండకి వెళ్ళొచ్చి, మాల తీశాడు. మూడోరోజు మళ్ళీ తాగాడు. ఊరంతా నవ్వింది. నేను కోపంగా వెళ్ళి అడిగా, నలభై ఒక్క రోజులు ఉండగలిగిన మనిషికి మాల తీసిన మూడోరోజే ఏమొచ్చిందని.

"సిస్టర్, మాలలో ఉంటే పొద్దున్నే పాతికమంది 'స్వామీ' అని తలుపు కొడతారు. కలిసి స్నానం, కలిసి భిక్ష, కలిసి భజన. మాల తీసిన మర్నాడు ఎవడి కొట్టుకి వాడు పోయాడు. నాకు మిగిలింది నా కొట్టు, పక్కన వైన్‌షాపు."

అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు, ఈ మనిషికి కావలసింది నాలుగు మాత్రలు కాదు, కలిసి కూర్చునే నలుగురు మనుషులని. బెజవాడలో తాగుడు మానినవాళ్ళే ఒకచోట చేరి మాట్లాడుకునే మీటింగు ఒకటుందని ఎవరో పేషెంటు తాలూకు వాళ్ళన్నారు. ఆదివారం ఎక్స్‌ప్రెస్సు ఎక్కి వెళ్ళా. బస్సు దిగి రిక్షావాణ్ణి అడిగా, కిళ్ళీకొట్లో అడిగా, స్కూలు వాచ్‌మన్‌ని అడిగా. "తాగుడు మానినవాళ్ళ మీటింగు ఎక్కడయ్యా?" అని గట్టిగానే అడిగా. కిళ్ళీకొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, "మీకాండీ?" అన్నాడు. "నాకైతే నీకేం?" అన్నా. నాకు సిగ్గు లేదు. అందుకే అడగడంలో ఉన్న కష్టం నాకు కనపడలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

దొరికింది. ఒక స్కూలు వెనక రేకుల షెడ్డు. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన నడిపిస్తున్నాడు. ఫీజు లేదు, రిజిస్టరు లేదు, ఇంటిపేరు అడగరు. "మావాళ్ళిద్దరు నందిగామ నుంచి వస్తున్నారమ్మా. అక్కడే ఒక గది దొరికితే నేనే ఆదివారం ఆదివారం వస్తా" అన్నాడు గార్డుగారు.

నందిగామ బ్రాంచిలో మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే గది ఉంది. రెండు బ్రాంచీలూ చూసే మా పెద్ద డాక్టరుగారిని అడిగా. ఆపరేషను చెయ్యడంలో దేవుడు, మనిషిగా మాత్రం మన్మథనామ సంవత్సరం పంచాంగం, ఎప్పుడో పాతబడిపోయాడు.

"తాగుబోతులకి సత్సంగమా సిస్టర్? నా ఆసుపత్రిలోనా?"

"సత్సంగం కాదండి, క్లబ్బు. మీ క్లబ్బులో గ్లాసుల్లో అదుంటుంది, ఇక్కడ టీ ఉంటుంది."

గది ఇవ్వలేదు. నెల తిరక్కుండా నన్ను నందిగామకి మార్చే ఆలోచన మొదలెట్టాడని తర్వాత తెలిసింది. మా పాస్టరుగారు సండేస్కూలు గది ఇస్తానన్నారు, కానీ షావుకారు చర్చి గేటులో అడుగుపెడితే మతం మారాడంటారు, మావాళ్ళేమో పాస్టరుగారు చూస్తారని రారు. చివరికి ఆ ఇద్దరు నందిగామ వాళ్ళలో ఒకాయన తన మేడ మీద గది ఇచ్చాడు. కింద ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది, మూతపడింది. ఆదివారం నాలుగింటికి మీటింగు. బోర్డు పెట్టలేదు. బోర్డుంటే ఎవరూ రారని గార్డుగారి పట్టు.

నేను చీటీ రాసి అన్నపూర్ణ చేతికిచ్చా. మన ఊళ్ళలో అడ్రసు ఎలా చెప్తామో అలాగే రాశా. "నందిగామ. బస్టాండు వెనక వీధి. పాత టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద. ఆదివారం నాలుగు గంటలకి. అక్కడ ఎవర్నడిగినా చెప్తారు."

నేనూ ఆ మాటే అన్నా

మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో వారంలో అన్నపూర్ణ వచ్చింది. మొహం మాడిపోయి ఉంది.

"వెళ్తున్నారండీ. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్తున్నారు. వచ్చేటప్పుడు పూటుగా తాగొస్తున్నారు. ఇక్కడైతే ఆదివారాలు కాస్త తక్కువ తాగేవారు. మీ మీటింగులో ఏం నేర్పుతున్నారండీ?"

ఎస్టీడీ బూతు నుంచి గార్డుగారికి ఫోన్ చేశా. "ఎవరొచ్చారో మేం చెప్పకూడదమ్మా. రానివాళ్ళ సంగతి చెప్పొచ్చు. మీరు చెప్పే మనిషి ఒక్కసారీ రాలేదు."

నా ఒళ్ళు మండింది. నేను బస్సులు పట్టుకు తిరిగి, బాసుతో తిట్లు తిని గది కుదిరిస్తే, ఈ పెద్దమనిషి దాన్ని వంక పెట్టుకుని నందిగామ వెళ్ళి తాగొస్తున్నాడన్నమాట! ఆ వారమే ఆయన రక్తం కక్కుకున్నాడు. మా వార్డులోనే పడేశారు. డాక్టరుగారు కడుపు నొక్కి చూసి, అన్నపూర్ణని బయటికి పిలిచి చెప్పారు. "లివరు పాడైంది. ఇక తాగితే, ఇంకోసారి ఇలా వస్తే మిగలడు. నేను భయపెట్టడానికి అనట్లేదమ్మా."

ఆవిడ గోడకి ఆనుకుని జారి కూర్చుండిపోయింది. నేను తిన్నగా మంచం దగ్గరికెళ్ళా.

"మీకే మానాలని లేదు. మీ ఆవిణ్ణి, నన్ను వెర్రివాళ్ళని చేశారు. మీటింగుకి ఒక్కసారైనా వెళ్ళారా? అబద్ధాలు!"

రత్నంగారు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు తృప్తిగా అనిపించింది, సిగ్గుపడ్డాడులే అని. సెలైను మార్చేసి ఇంటికెళ్ళి భోంచేసి హాయిగా పడుకున్నా.

మర్నాడు పొద్దున మందులివ్వడానికి వెళ్తే, కళ్ళు మూసుకునే మొదలెట్టాడు.

"బస్టాండు వెనక గేటు. ఎడమపక్క సోడాకొట్టు. తర్వాత సైకిల్‌షాపు. ఫోటో స్టూడియో. మేకని కట్టేసే ఇల్లు. ఆ పక్కన నీలంరంగు మెట్లు. మూడో మెట్టు విరిగింది."

గది చూడ్డానికి వెళ్ళినప్పుడు నేనూ ఆ మెట్టు చూశా. ఆ విరిగిన మెట్టు గురించి నేను ఎవరికీ చెప్పలేదు.

"మెట్ల దాకా వచ్చారా?"

"మూడుసార్లు వచ్చా సిస్టర్. బోర్డు లేదు. కింద తాళం. అదో కాదో అడగాలి. ఎవర్నడిగినా చెప్తారని రాశారు మీరు. ఎవర్నడగను? సోడాకొట్టు వాడికి నేనే పంచదార వేస్తా. సైకిల్‌షాపు వాడి తమ్ముడికి నందిగామలో చిల్లరకొట్టు, మా సరుకే. ఫోటో స్టూడియో ఆయన మా తోడల్లుడికి వరసకి బావ. నన్ను చూడగానే 'ఏం షావుకారుగారూ, ఇలా వచ్చారు?' అంటారు. వసూలుకొచ్చానని చెప్పి, వాళ్ళతో టీ తాగి, మళ్ళీ బస్టాండుకి."

"పైకెక్కి చూడొచ్చుగా!"

"మూడోవారం రెండు మెట్లెక్కా. పైనుంచి నవ్వులు. పదిమంది పగలబడి నవ్వుతున్నారు. చీట్లపేక అనుకున్నా. తాగుడు మానినవాళ్ళు నవ్వుకుంటారని నాకెలా తెలుస్తుంది సిస్టర్?"

అంతే. ఆ తర్వాత బస్టాండు ఎదురుగా ఉన్న షాపుకి వెళ్ళాడు. దానికి బోర్డుంది, రాత్రికి లైట్లు కూడా ఉంటాయి. ఎవర్నీ అడగక్కర్లేదు.

చెప్తూ చెప్తూ ఏడ్చాడు. నేను క్షమించమని అడిగా. అడగడం నాకు చేతకాదు, అందుకని తిట్టినట్టే అడిగా. "తప్పు నాదే, సరేనా? ఇక ఏడవకండి, సెలైను ఊడిపోతుంది" అన్నా. అప్పుడు నవ్వాడు.

నీలం మెట్లు

వార్డులో పదిరోజులుంచాం. ఆ రోజుల్లో చుక్క లేకుండా, ఫిట్స్ రాకుండా మందులతో దాటించాం. ఆ పై ఆదివారం నేనే వెంటబెట్టుకెళ్ళా. సోడాకొట్టువాడు అననే అన్నాడు. "ఏం షావుకారుగారూ, సిస్టరమ్మతో వచ్చారు?"

రత్నంగారి అడుగు ఆగింది. ఆయన చొక్కా పట్టుకుని లాగినంత పని చేశా. "నాకు సోడా కొట్టు. ఆయన పని ఆయనది, నా పని నాది" అని, ఆయన్ని మెట్లెక్కించి, వచ్చి బల్ల మీద కూర్చున్నా. లోపలికి నేను వెళ్ళకూడదు, అది వాళ్ళ గది. గంటన్నరలో మూడు సోడాలు తాగా. పైనుంచి నవ్వులు వినపడ్డప్పుడల్లా అందులో ఆయన గొంతు ఉందేమో అని వెతుక్కున్నా.

దిగొచ్చాడు. బస్సులో కూర్చున్నాం. "ఏమన్నారు?" అని గుచ్చా.

"ఏమీ అనలేదు. మీరెవరి తాలూకు అని అడగలేదు సిస్టర్."

ఆ రోజుతో మానేశాడని రాస్తే మీకు బావుంటుంది, కానీ అలా జరగలేదు. రెండుసార్లు జారాడు. ఒకసారి చెల్లెలి కూతురి పెళ్ళిలో, ఒకసారి ఏ కారణమూ లేకుండా. రెండుసార్లూ తర్వాతి ఆదివారం అదే మెట్లెక్కాడు. నేను ఉద్యోగం మానేనాటికి ఆయన తాగి తొమ్మిదేళ్ళు. మానాలని లేని మనిషి!

గోడ మీద కాయితం

ఆయనే అన్నాడు ఒకరోజు. "ఆ అడ్రసు ఎక్కడన్నా గోడ మీద పూర్తిగా రాసుంటే చాలు సిస్టర్. చూడనట్టు చూసి వెళ్ళిపోవచ్చు."

అప్పటికి నన్ను నందిగామకి మార్చేశారు. పనిష్మెంటు అనుకున్నారు పాపం. నేరుగా పెద్ద డాక్టరుగారి దగ్గరికెళ్ళి నోటీసుబోర్డు మీద కాయితం పెడతానన్నా.

"వద్దు. ఆసుపత్రికి పరువుంది."

"ఉంటే కాయితానికి పోదండి" అన్నా. ఆ మధ్యాహ్నమే పెట్టేశా, ఓపీ చీటీల కిటికీ పక్కన, టీకాల టైంటేబులు కింద. నా చేతిరాతతోనే రాశా. బస్టాండు వెనక గేటులోంచి బయటికి రండి. ఎడమకి తిరగండి. సోడాకొట్టు, సైకిల్‌షాపు, ఫోటో స్టూడియో దాటండి. నీలం మెట్లు. మూడో మెట్టు విరిగింది, చూసుకోండి. ఆదివారం నాలుగింటికి. నవ్వులు వినపడితే అదే గది. దారిలో ఎవర్నీ అడగక్కర్లేదు.

సోమవారం పొద్దున చూస్తే లేదు. ఇంకోటి రాసి పెట్టా. పదిరోజులకి అదీ లేదు. వాచ్‌మన్‌ని నిలదీస్తే, "నాకు చదువే రాదమ్మా, నాకెందుకు?" అన్నాడు. డాక్టరుగారి గదిలోకి దూసుకెళ్ళా.

"నాకు చింపాలనుంటే నీ ఎదురుగా చింపుతా సిస్టర్. దొంగతనంగా చింపే ఖర్మ నాకేం పట్టింది?" అన్నాడు. నమ్మా. ఆయన అలాంటివాడే. పైగా ఆ కోపంలో ఆయన కాయితం తీసేయమనడం మర్చిపోయాడు, మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఉద్యోగం మానేసే దాకా రాస్తూనే ఉన్నా. ఎన్ని రాశానో లెక్క లేదు. కొన్ని నెల ఉండేవి, కొన్ని ఒక్క పూట. మొదట్లో పరువు కోసం చింపేస్తున్నారనుకుని మండిపడేదాన్ని. తర్వాత ఒకరోజు గమనించా. చింపిన ముక్కలు ఎప్పుడూ లేవు, కింద నేల మీద కూడా లేవు. నాలుగు గుండుసూదులూ బోర్డు అంచున వరసగా గుచ్చి ఉండేవి. కోపంతో పీకేవాడు సూదులు జాగ్రత్త చేస్తాడా?

గదిలో వాకబు చెయ్యమని రత్నంగారి ప్రాణం తీశా. "ఎలా వచ్చావని అక్కడ ఎవర్నీ అడగం సిస్టర్" అన్నాడు. అడగకపోవడం వాళ్ళ పద్ధతి, అదే నయం. నేను మాత్రం అడుగుతా, అడగడం నా జబ్బు. నందిగామ ఓపీలో, అందరూ చీటీల కోసం తోసుకుంటుంటే, నా కాయితం మడత పెట్టి జేబులోనో కొంగులోనో దాచుకుని వెళ్ళినవాళ్ళెవరో మీరు ఇది చదువుతుంటే చెప్పండి. ఆదివారం ఆ మెట్లెక్కారా, లేదా?